పొద్దు ఉన్నప్పుడే మోటారు

(నల్లగొండలో రైతులు, మహిళా సంఘాల సభ్యులు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ విద్యుత్ ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అక్కలకు, అన్నలకు, వెనుక నిలబడ్డ పాలిటెక్నిక్ పిల్లలకు నమస్కారం. బిడ్డా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. రేపు ఈ పని చేసేది మీరే. మీరు దూరంగా ఉంటే ఎట్లా?

నన్ను సోలార్ గురించి, బ్యాటరీల గురించి చెప్పమన్నారు. చెప్తాను. కానీ ముందు రాత్రి కరెంటు గురించి చెప్పాలి. ఇక్కడ నలభై ఏళ్లు దాటిన రైతులందరికీ అది తెలుసు. పిల్లలకు తెలియదు.

1990ల చివర్లో నేను దేవరకొండ వైపు ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో పనిచేశాను. అప్పుడు వ్యవసాయానికి కరెంటు విడతలు విడతలుగా ఇచ్చేవాళ్లం. ఊళ్లను గ్రూపులుగా విడగొట్టి, ఈ వారం ఒక గ్రూపుకు పగలు, ఇంకో గ్రూపుకు రాత్రి. రాత్రి విడత ఒంటిగంట తర్వాత మొదలయ్యేది. బ్రేకర్ ఆన్ చేసి, లాగ్ బుక్‌లో టైము రాసి, యార్డులోకి వచ్చి నిలబడేవాణ్ణి. అయిదు నిమిషాలు కాకముందే చీకట్లో ఒక టార్చిలైటు కదిలేది. తర్వాత ఇంకొకటి. ఇంకాసేపటికి చెల్కల నిండా, గట్ల మీద, గుట్ట కింద, ఎటు చూసినా లైట్లే. ఆ లైట్లన్నీ బాయిల దగ్గరికి, బోర్ల దగ్గరికి నడుస్తున్న మనుషులు. పగలంతా పనిచేసిన మనుషులు. పాములు తిరిగే వేళ, తడిసిన గట్టు మీద, ఒక్కొక్కరే.

ఆ లైట్లలో ఒకటి మా చిన్నాయనది. ఒక రాత్రి స్టార్టర్ డబ్బా దగ్గర ఆయనకు షాక్ కొట్టింది. బతికాడు. కుడిచేతికి మాత్రం మళ్లీ పట్టు రాలేదు. ఆ రాత్రి ఒంటిగంటా పది నిమిషాలకు ఆ పొలాలకు పోయే ఫీడర్ లైను ఆన్ చేసింది నేనే. లాగ్ బుక్‌లో నా సంతకం ఉంది.

మరి రాత్రే ఎందుకు ఇచ్చాం? రైతు మీద ఎవరికైనా పగ ఉందా? లేదు. పగలు ఫ్యాక్టరీలకు, పట్నాలకు, ఆఫీసులకు కరెంటు కావాలి. రాత్రి అవన్నీ పడుకుంటాయి. బొగ్గు ప్లాంటు మాత్రం పడుకోదు. దాన్ని సాయంత్రం ఆపి పొద్దున్నే ముట్టించడానికి అది కట్టెల పొయ్యి కాదు. కాబట్టి రాత్రి మిగిలిన కరెంటును ఎవరో ఒకరు వాడాలి. ఆ ఎవరో ఒకరు రైతు అయ్యాడు. అంటే రైతు నిద్ర తీసి బొగ్గు ప్లాంటును నడిపించాం. ఈ మాట మనసులో పెట్టుకోండి. నేను ఇవాళ చెప్పేదంతా ఈ లెక్క తలకిందులైన సంగతే.

ఇప్పుడు సోలార్ సంగతికి వద్దాం.

2014లో మన రాష్ట్రం వచ్చినప్పుడు ఇక్కడ సోలార్ నూరు మెగావాట్లు కూడా లేదు. నాలుగేళ్లు తిరిగేసరికి 3,000 మెగావాట్లు దాటింది. ఒక దశలో కర్ణాటక తర్వాత దేశంలో మనమే. ఎట్లా సాధ్యమైంది? 2015 సోలార్ పాలసీలో ఒక మంచి ఆలోచన ఉంది. గుజరాత్‌లో లాగా, రాజస్థాన్‌లో లాగా ఒక్కచోట పెద్ద పార్కు కట్టకుండా, జిల్లాల్లో ఉన్న సబ్‌స్టేషన్ల పక్కన చిన్న చిన్న ప్లాంట్లు పెట్టించారు. కరెంటు ఎక్కడ ఖర్చవుతుందో అక్కడే పుట్టింది. పెద్ద లైన్లు కొత్తగా వేసే పని తగ్గింది, దారిలో పోయే నష్టం తగ్గింది. పాలమూరులో, నల్లగొండలో బస్సులో పోతుంటే చెల్కల్లో నల్లగా మెరిసే పలకలు కనిపిస్తాయి కదా, అవి చాలావరకు ఆ కాలంలో వచ్చినవే.

తర్వాత వేగం తగ్గింది. ఈ మాట దాచాల్సిన పని లేదు. రాజస్థాన్, గుజరాత్ చాలా ముందుకు పోయాయి, మనం 5,000 మెగావాట్ల దగ్గర్లో తిరుగుతున్నాం. 2025 జనవరిలో కొత్త క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ తెచ్చారు. 2030 నాటికి ఇంకో 20,000 మెగావాట్ల గ్రీన్ ఎనర్జీ అంటున్నారు. అది చాలా పెద్ద సంఖ్య. 2025 మార్చిలో మొత్తం రాష్ట్రం వాడకం గరిష్ఠంగా 17,000 మెగావాట్లు దాటితేనే రికార్డు అన్నాం. అంటే అందులో ఎక్కువ భాగం సోలారే అయి, అనుకున్నట్టు జరిగితే, మధ్యాహ్నం పన్నెండింటికి రాష్ట్రానికి కావలసినదానికంటే ఎక్కువ కరెంటు ఎండ నుంచే వచ్చే రోజు వస్తుంది.

మరి సాయంత్రం ఏడింటికి? సున్నా.

ఇక్కడే కొంచెం ఆగుదాం. సోలార్‌లో అసలు చిక్కు కరెంటు పుట్టించడంలో లేదు. ధర కూడా ఇప్పుడు చిక్కు కాదు. 2014లో మన రాష్ట్రం టెండర్లు పిలిస్తే యూనిట్‌కు ఆరు రూపాయల పైచిలుకు అడిగారు. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో అది రెండు రూపాయల 44 పైసలకు దిగింది. చిక్కంతా వేళతోనే. పొద్దుగూకే వేళ చూడండి. అయిదింటి నుంచి ఏడింటి మధ్య వేల మెగావాట్ల సోలార్ కరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, టీవీలు, ఎండాకాలమైతే కూలర్లు, ఏసీలు. ఒక పక్క కరెంటు పడిపోతుంటే ఇంకో పక్క వాడకం లేస్తుంది. ఎక్కడికి ఎంత కరెంటు పంపాలో చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో కూర్చున్న వాళ్లకు రోజూ ఆ రెండు గంటలు టెన్షనే.

మన దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటు ఉంది. అయిదు యూనిట్లు, అంటే కరెంటు పుట్టించే యంత్రాలు, ఒక్కోటి 800 మెగావాట్లు, మొత్తం 4,000. అంత పెద్ద ప్లాంటును మధ్యాహ్నం తగ్గించి సాయంత్రం పెంచమంటే దానికి ఒక హద్దు ఉంటుంది. సగం కిందికి దింపడం కష్టం. దించి ఎక్కించిన ప్రతిసారీ బాయిలర్ ట్యూబులు అరుగుతాయి. కాబట్టి మధ్యాహ్నం మిగిలిన ఎండను సాయంత్రానికి దాచాలి. ఎట్లా దాచాలి? అందరూ వెంటనే అనే మాట, బ్యాటరీ. నేను మాత్రం బ్యాటరీని మూడో స్థానంలో పెడతాను. మొదటిది, పగటి కరెంటును పగలే వాడటం. రెండోది, నీళ్లలో దాచడం. ఆ తర్వాతే బ్యాటరీ. ఎందుకో చెప్తాను.

బోరు దగ్గర మొదలుపెడదాం

రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు 27 లక్షలకు పైగా ఉన్నాయి. లెక్క కోసం ఒక్కో మోటారు 5 హెచ్‌పీ అనుకుందాం. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. గుణించండి, పిల్లలూ. ఎంత? దాదాపు 10,000 మెగావాట్లు. అన్నీ ఒక్కసారి ఆడవు, నిజమే. అయినా ఇంత పెద్ద లోడు, వేళ మార్చుకోగల లోడు, ఇంకొకటి ఉందా? ఆసుపత్రిని కరెంటు రేపు వాడుకోమనగలమా? పిల్లవాడు చదువుకునే లైటును మధ్యాహ్నం వేసుకోమనగలమా? బోరు మోటారును మాత్రం పది నుంచి నాలుగు దాకా ఆడమనవచ్చు. మడికి నీళ్లు మధ్యాహ్నం పారినా తడుస్తుంది, రాత్రి పారినా తడుస్తుంది.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. రైతు రాత్రి పూట టార్చిలైటు పట్టుకొని పోవాల్సిన బాధ తీరింది. నా జీవితంలో చూసిన గొప్ప మార్పుల్లో అది ఒకటి. కానీ కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ అలవాటు మిగిలిపోయింది. విడతల కాలంలో కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియక పెట్టుకున్నది అది. 24 గంటల సరఫరా మొదలైనప్పుడు తీసేయండని ఊరూరా చెప్పారు. ఇప్పటికీ చాలా డబ్బాల్లో ఉంది. ఏమవుతోంది? మనిషి ఇంట్లో నిద్రపోతున్నాడు, మోటారు రాత్రంతా ఆడుతోంది. మడి నిండి కాలువలోకి, కాలువ నిండి బాటలోకి. మన నల్లగొండ బోర్లలో నీళ్లు ఎంత లోతు నుంచి వస్తున్నాయి అన్నా? లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడ్ ఎట్లా పెరుగుతుందో ఈ జిల్లాకు నేను చెప్పాలా? మర్రిగూడ మనుషుల ఎముకలకు తెలుసు.

"మాకు ఫ్రీ కరెంటే కదా, ఏ వేళ వాడితే ఏంటి?" అని ఒక అన్న నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. లెక్క చూద్దాం. మధ్యాహ్నం సోలార్ యూనిట్ రెండున్నర, మూడు రూపాయలకు వస్తుంది. దాన్నే బ్యాటరీలో దాచి రాత్రి ఇవ్వాలంటే దాచినందుకు కూలి ఉంటుంది. 2022లో కేంద్ర సంస్థ పిలిచిన మొదటి పెద్ద టెండర్‌లో రెండు గంటల బ్యాటరీకి మెగావాట్‌కు నెలకు 10 లక్షల 80 వేల రూపాయల పైన పలికింది. రోజుకు ఒక్కసారి నింపి ఖాళీ చేస్తే, యూనిట్ దాచడానికే 18 రూపాయలు. 2025 టెండర్లలో అది రెండు లక్షల చిల్లరకు దిగింది. మూడేళ్లలో అయిదో వంతుకు! ఇంత తొందరగా ధర పడిన వస్తువును నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. అయినా యూనిట్‌కు మూడున్నర, నాలుగు రూపాయలు పడుతుంది. నింపేటప్పుడు, తీసేటప్పుడు పోయే కరెంటు పది, పదిహేను శాతం. అన్నీ కలిపితే రాత్రి యూనిట్ ఏడు రూపాయల దగ్గరికి పోతుంది. మధ్యాహ్నం మూడు రూపాయలకు తడిసే మడిని రాత్రి ఏడు రూపాయలకు తడపాలా? ఆ డబ్బు రైతు కట్టకపోయినా ఎవరో కడుతున్నారు. బడ్జెట్‌లో ఆ నాలుగు రూపాయలు ఇంకో బడికి, ఇంకో ఆసుపత్రికి పోవాల్సినవి.

నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ మండలం మాచారం ఉంది కదా, 2025 మే నెలలో అక్కడ ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. రెండు లక్షల పది వేల మంది గిరిజన రైతులకు, ఆరు లక్షల ఎకరాలకు సోలార్ పంపులతో నీళ్లివ్వాలన్నది ఆలోచన. కరెంటు లైన్ పోని అడవి పొలాలు అవి. సోలార్ పంపు పొద్దు ఎక్కితే ఆడుతుంది, పొద్దు దిగితే ఆగుతుంది. మడిలో నిలిచిన తడే దాని నిల్వ. అమ్రాబాద్‌లో పగటి నీళ్లతో పంట పండితే మునుగోడులో ఎందుకు పండదు? బత్తాయి తోటకు డ్రిప్ పెట్టుకున్న అన్నలు ఇక్కడ చాలామంది ఉన్నారు. డ్రిప్‌కు ఆరు గంటల పగటి కరెంటు చాలదా? మీరే చెప్పండి.

నీళ్లలో దాచడం

ఇది మన జిల్లాలకు కొత్త విద్య కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లు ఉంటే, వాటిలో ఏడు రెండు వైపులా తిరుగుతాయి. నీళ్లు కిందికి దిగితే కరెంటు ఇస్తాయి. మనం కరెంటు ఇస్తే అవే మోటార్లై నీళ్లను తిరిగి పైకి ఎక్కిస్తాయి. మొత్తం 815 మెగావాట్ల పైన. 1980ల్లోనే పెట్టారు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఆరు యూనిట్లు, ఒక్కోటి 150, మొత్తం 900 మెగావాట్లు. అవీ అట్లాంటివే. మన పెద్దలు సోలార్ లేని కాలంలో, రాత్రి మిగిలిన బొగ్గు కరెంటుతో నీళ్లెక్కించి పగలు వాడదామని కట్టారు. ఇప్పుడు అదే యంత్రాన్ని మధ్యాహ్నం ఎక్కించి, సాయంత్రం దించి వాడుకోవచ్చు. యంత్రం మారలేదు, గడియారం మారింది.

ఒక్క యూనిట్ కరెంటు దాచాలంటే ఎన్ని నీళ్లు కావాలో తెలుసా? నూరు మీటర్ల ఎత్తుకు దాదాపు 3,700 లీటర్లు ఎక్కించాలి. ఒక్క యూనిట్ కోసం ఒక చిన్న ట్యాంకర్ నీళ్లు. అందుకే ఇది సాగర్, శ్రీశైలం లాంటి చోట్లే కుదురుతుంది, ఊరి ట్యాంకుతో కుదరదు. కిందికి దిగిన నీళ్లు ఆగే చెరువు, అంటే టెయిల్‌పాండ్‌లో నీళ్లు నిలవాలి, పైన జలాశయంలో చోటుండాలి, రెండు రాష్ట్రాల మధ్య మాట కుదరాలి. ఇవన్నీ కుదిరిన రోజుల్లోనే పని. కుదర్చడానికి మనం గట్టిగా అడగాలి. కట్టేసిన యంత్రాలు అవి, వాటికి పెట్టుబడి ఎప్పుడో పెట్టేశాం.

ఎత్తిపోతల మోటార్లను కూడా ఇట్లానే చూడండి. కల్వకుర్తి ఎత్తిపోతలలో ఒక్కో మోటారు 30 మెగావాట్లు. పాలమూరు–రంగారెడ్డిలో ఒక్కోటి 145. ఒక మెగావాట్ సోలార్‌కు నాలుగెకరాలు అనుకుంటే, నడి మధ్యాహ్నం ఆ ఒక్క మోటారును తిప్పడానికే ఆరు వందల ఎకరాల పలకలు కావాలి. వరద ఉన్న రోజుల్లో రాత్రీ పగలూ ఎత్తాల్సిందే, ఆ నీళ్లు ఆగవు. మిగిలిన రోజుల్లో మాత్రం ఎండ వేళకు ఎత్తి రిజర్వాయర్ నింపుకుంటే, రాత్రంతా గ్రావిటీతో కాలువ పారుతుంది.

ఇక బ్యాటరీ. పగలు వాడగలిగింది వాడాక, నీళ్లలో దాచగలిగింది దాచాక, అప్పటికీ సాయంత్రం ఒక గుంట మిగులుతుంది. ఆ గుంట పూడ్చడానికి బ్యాటరీని మించింది లేదు. బొగ్గు ప్లాంటుకు గంటలు పడుతుంది, సాగర్ యూనిట్‌కు నిమిషాలు పడుతుంది, బ్యాటరీ ఒక్క సెకను లోపే కరెంటు ఇస్తుంది. మన చౌటుప్పల్‌లో, అటు మహేశ్వరంలో సబ్‌స్టేషన్ల దగ్గర పెద్ద బ్యాటరీలు పెట్టడానికి టెండర్లు పిలిచారు. చూడటానికి లారీ మీద వచ్చే కంటైనర్ల వరసలాగా ఉంటాయి. పొగ లేదు, చప్పుడు తక్కువ.

ప్రమాదం లేదా? ఉంది. ఒక సెల్ వేడెక్కి పక్కదాన్ని అంటిస్తే మంట ఆపడం కష్టం. పెద్ద కేంద్రాల్లో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం మిగతా వాటికంటే నిదానం. అయినా మన 44 డిగ్రీల ఎండలో కూలింగ్ ఒక్క గంట కూడా ఆగకూడదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. అది జల విద్యుత్ కేంద్రం. అక్కడే అంత జరిగితే, బ్యాటరీల పక్కన ఎంత జాగ్రత్త ఉండాలి? చౌటుప్పల్ చుట్టుపక్కల వాళ్లు అడగండి. ఫైర్ ఇంజన్ ఎంత దూరంలో ఉంది, దాని సిబ్బందికి ఈ మంటల మీద ట్రైనింగ్ ఉందా అని అడగండి. అడిగితే అభివృద్ధికి అడ్డం అంటారేమోనని భయపడకండి.

పాలిటెక్నిక్ పిల్లలకు ఒక మాట. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మేలో అమరరాజా వాళ్ల లిథియం బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. ఊరి పేరులోనే దివిటీ ఉంది చూడండి. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచిన జిల్లా అది. పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బొంబాయి బస్సెక్కిన జిల్లా. అక్కడ సెల్ తయారయ్యే రోజు మన పిల్లలు గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబడకూడదు, లోపల టెస్టింగ్ బెంచి దగ్గర కూర్చోవాలి. అందుకు బ్యాటరీ మేనేజ్‌మెంట్, పవర్ ఎలక్ట్రానిక్స్ ఇప్పుడే చదవండి. మీ సిలబస్‌లో లేకపోతే మీ సార్లను అడగండి. ల్యాబ్‌లో ఒక చిన్న ఇన్వర్టర్ విప్పి చూడండి.

ఇప్పుడు అక్కలు ఎదురుచూస్తున్న సంగతి. మహిళా సంఘాలకు సోలార్ ప్లాంట్లు ఇస్తామని ప్రభుత్వం అంది, మొత్తం 1,000 మెగావాట్లు. రైతులకైతే పీఎం కుసుమ్ అనే కేంద్ర పథకంలో అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా. యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు, ఒప్పందం 25 ఏళ్లు. ఒక మెగావాట్ ప్లాంటు ఏడాదికి 15, 16 లక్షల యూనిట్లు ఇస్తుంది. అంటే 48, 50 లక్షల రూపాయలు. వినడానికి చాలా బాగుంది. కానీ కట్టడానికి మూడున్నర నుంచి నాలుగు కోట్లవుతుంది. బ్యాంకు అప్పు తీసుకుంటే కిస్తీకే ఏడాదికి నలభై లక్షల పైన పోతుంది. అప్పు తీరే దాకా చేతిలో మిగిలేది తక్కువ. తీరాక మాత్రం ఆ ప్లాంటు మీది. ఈ రెండూ తెలిసి సంతకం పెట్టండి. "నెలకు లక్షలు" అని ఎవరైనా కాగితం పట్టుకొని వస్తే కిస్తీ లెక్క ముందు రాసివ్వమనండి.

అయినా నేను మీరు తీసుకోవాలనే కోరుకుంటాను. ఎందుకంటే సోలార్ ప్లాంట్లు మొదట వచ్చినప్పుడు మన చెల్కలు చాలావరకు బయటివాళ్ల చేతికి పోయాయి. కంచె పడింది. గొర్లకాపరులకు దారి మూసుకుపోయింది. ఆ కంచె లోపల మన ఊరి వాళ్లకు దొరికింది గడ్డి కోసే పని, కాపలా పని. ఎండ మనది, భూమి మనది, కరెంటు వాడేది మనం. మధ్యలో యజమాని మనం కాకపోతే ఎట్లా?

ఇంటి మీద పెట్టుకునే వాళ్లకు లెక్క సులువు. మూడు కిలోవాట్లకు కేంద్రం సబ్సిడీ 78,000. రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి. వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఊరంతా ఇంటింటికీ పెట్టారు. వీలైతే ఒకరోజు బస్సు మాట్లాడుకొని వెళ్లండి. ఆఫీసర్లను కాదు, అక్కడి ఆడవాళ్లను అడిగి తెలుసుకోండి.

ఇందాక నేను లోపలికి వస్తుంటే ఒక అక్క ఆపి అడిగింది. "సార్, పలకలు కడగాలంటారు కదా, మా ఊరి నీళ్లు పెడితే తెల్లగా పేరుకుంటుంది, ఎట్లా?" ఆ ప్రశ్న ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఎండలో పలక మీద పోస్తే నీళ్లు ఆవిరై తెల్లటి పొర మిగులుతుంది. నాలుగైదు నెలలకు అది గీకినా పోదు, వచ్చే కరెంటు తగ్గుతుంది. కాబట్టి అక్కా, వానాకాలంలో వాన నీళ్లు పట్టి ఒక ట్యాంకులో దాచుకోండి. అవి అయిపోతే వాటర్ ప్లాంటు నీళ్లు కొద్దిగా వాడి మెత్తటి వైపర్‌తో తుడవండి. ఎక్కువసార్లు పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. ఏది చేసినా తెల్లవారుజామున, పలక చల్లగా ఉన్నప్పుడే చేయండి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే అది పగలవచ్చు.

ఆ అక్క ఎక్కడున్నారు? చేయి ఎత్తండి. మైకు ముందు ఆమెకే ఇవ్వండి, ఆమె అడగాల్సినవి ఇంకా ఉన్నాయన్నారు.